రెండో బ్రేకు

మొన్న పలమనేరు దాటి కుప్పం వైపు పోతుంటే, ముందున్న గ్రానైట్ లారీ చక్రాల దగ్గర్నుంచి కాలిన బ్రేకు వాసన గుప్పుమని వచ్చింది. నా పక్కన స్టీరింగు పట్టుకున్న కొత్తమ్మాయి "ఛీ, ఏం కంపు టీచరమ్మా!" అని ముక్కు చిట్లించింది. నేనేమో అద్దం ఇంకాస్త కిందికి దించాను. మాడిన వేరుశెనక్కాయ పొట్టూ కాగిన ఇనుమూ కలిసినట్టుండే ఆ వాసన ఎవరికి బాగుంటుంది చెప్పండి? నాకు బాగుంటుంది. ఒకప్పుడు నా బతుకంతా ఆ వాసనే కొట్టేది. అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టిన మనిషి పేరు రెడ్డెప్ప. పుంగనూరులో కారు మెకానిక్కు. మీరు ఆయన్ను చూసి ఉండరు. చూసి ఉంటే నేనిది రాయాల్సిన పనే ఉండేది కాదు, మీరు అడక్కపోయినా ఆయనే తన గొప్పలన్నీ చెప్పుకుని ఉండేవాడు.

నేను మదనపల్లెలో ఆడవాళ్ళకు కారు నేర్పే స్కూలు పెట్టిన కొత్త అది. అంతకుముందు బట్టల అంగట్లో పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడతలు పెట్టే ఉద్యోగం. వద్దనుకుని బయటికొచ్చి, ఒక పాత తెల్ల కారు కొన్నాను. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే పక్కన కూర్చున్న నేను ఆపడానికి నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టించాను. డ్రైవింగ్ స్కూలు బండ్లన్నిటికీ అట్లా రెండో బ్రేకు ఉంటుంది. అంతా బాగానే మొదలైంది. బడి పంతులమ్మలు వచ్చారు, అంగళ్ళవాళ్ళ ఇల్లాళ్ళు వచ్చారు, పక్కనున్న అంగళ్లు అనే ఊరి కాలేజీలో పనిచేసే అమ్మాయిలు వచ్చారు. నా ఒక్క బండి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేది. నా అంత అదృష్టవంతురాలు జిల్లాలో లేదనుకున్నాను.

అప్పుడు మొదలైంది ఆ వాసన. పాఠం సగంలో ఉండగా చక్రాల దగ్గర్నుంచి పొగ వాసన, ఆ తర్వాత బ్రేకు మెత్తబడిపోవడం. మెకానిక్కు దగ్గరికి పోతే బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని కొత్తవి వేశాడు. కొన్నాళ్ళకే మళ్ళీ అదే కంపు. ఇంకొకాయన దగ్గరికి పోతే ముందువాడికి పని రాదని తిట్టి, ఇంకేవో సామాన్లు మార్చాడు. మళ్ళీ అదే కంపు. మూడో ఆయన నా ముఖం కూడా చూడకుండా, "ఇంట్లో మొగోళ్ళు ఎవురన్నా ఉంటే పిల్చుకోని రామ్మా, వాళ్ళకు సెప్తా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బండి నాది, స్కూలు నాది, అవస్థ నాది, చెప్పడం మాత్రం ఇంట్లో మగవాళ్ళకట! నేను కూడా నాలుగు మాటలు అని వచ్చేశాను కానీ, అంటే బండి బాగుపడదు కదా.

చివరికి ఒకరోజు అంగళ్లు రోడ్డులో పరువు కాస్తా పోయింది. ముందు బండ్లు ఆగాయని నేనూ తొక్కాను, నేర్చుకుంటున్న పంతులమ్మా తొక్కింది. రెండు బ్రేకులూ మెత్తటి రొట్టెల్లా కిందికి పోయాయి. బండి మాత్రం నిదానంగా, ఏదో పెళ్ళికి పోతున్నట్టు పోయి, రోడ్డు పక్కన పేర్చి ఉన్న టమోటా పెట్టెల్లో దూరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. బానెట్ నిండా టమోటా రసం. సాయంత్రానికల్లా ఊరంతా "టమోటా స్కూలు" అని పేరు పెట్టేశారు. మరుసటి రోజు నుంచి ఒక్కొక్కరే మానేశారు. "మా ఆయన వద్దన్నాడు," "మా అత్త భయపడుతోంది" అని తలా ఒక సాకు. వాళ్ళను అనడానికి ఏముంది? ఆగని బండిలో నేనైతే మా అమ్మాయిని ఎక్కిస్తానా? మిగిలింది రూతమ్మ ఒక్కతే. మిషన్ ఆసుపత్రిలో నర్సు, రిటైరు కాబోతోంది, గుడుపల్లె దగ్గర సొంత ఊరికి తన కారు తనే నడుపుకుంటూ పోవాలని పంతం. ఆమె కూడా మానేస్తే బండి అమ్ముకుని మళ్ళీ చీరలు మడతపెట్టడానికి పోవాల్సిందే. ఆ అంగడి గడప మళ్ళీ తొక్కడం తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

రెడ్డెప్ప పేరు చెప్పింది ఎవరనుకున్నారు? ఆ టమోటాల ఆసామే. నష్టం గురించి మాట్లాడుకోవడానికి పోతే, ఆయన తల పట్టుకుని, "అవన్నీ మళ్ళా సూసుకుందాం. ముందు నువ్వు పుంగనూరికి పో. ఆడ రెడ్డెప్ప అని ఉండాడు. నోరు తెరిస్తే కోతలే. కానీ బండి కాడ మాత్రం ఒక్క అబద్దం సెప్పడు. పోమ్మా, నా బాక్సులు బతకాల," అన్నాడు.

పుంగనూరులో షెడ్డు కనుక్కోవడం ఏమాత్రం కష్టం కాలేదు. మెకానిక్కు షెడ్డు బోర్డు మీద కారు బొమ్మ ఉంటుంది కదా, ఇక్కడ రెడ్డెప్ప బొమ్మే ఉంది. నల్ల కళ్ళద్దాలు, పట్టు చొక్కా, చేతిలో స్పానరు. బోర్డు కింద అదే మనిషి గ్రీజు చొక్కాతో నిలబడి ఎవరినో అరుస్తున్నాడు. నా బండి మీద ఎర్రటి ఎల్ అక్షరం చూసి గొంతు తగ్గించాడు.

"ఓయమ్మా, ఆ బండిని షెడ్డు ముందర నిలపొద్దు. గిరాకీ పారిపోతాది."

"నా గిరాకీ ఎప్పుడో పారిపోయిందన్నా. ఇంక నీది కూడా పోతే ఇద్దరం కలిసి బజ్జీల బండి పెట్టుకుందాం," అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే మాకు స్నేహం కుదిరిందనుకుంటాను. సంగతంతా విని, చక్రాలు విప్పి చూసి, ప్యాడ్లు మళ్ళీ నున్నగా అరిగిపోయాయన్నాడు. నేను కొత్తవి వేస్తాడని ఎదురుచూస్తుంటే, "ఇవి యాల అరిగినాయో తెలీకుండా కొత్తవి యెట్ల ఏసేది? బండెక్కు, నడుపు" అన్నాడు. రెడ్డెప్ప పద్ధతి అది. బండిని తను నడిపి చూడడు. యజమాని నడపాలి, తను పక్కన కూర్చోవాలి. "నా కాలి కింద బాగుంటే నీకేం లాభం? నీ కాలి కింద బాగుండల్ల" అనేవాడు. వినడానికి ఎంత బాగుందో! అసలు తమాషా బండి కదిలాక తెలిసింది. రెడ్డెప్పకు ఇంకొకరు నడిపే బండిలో కూర్చోవడమంటే చచ్చేంత భయం. తలుపు పైన ఉండే పిడిని రెండు చేతులా పట్టుకుని, "నిదానం, నిదానం, ఆడ కుక్కుండాది, సైకిలోడు సూడు, నాయనా పెద్దిరెడ్డీ నీ సైకిలు పక్కకు తియ్యప్పా!" అని ఊరంతా వినబడేట్టు కేకలు. ఇంత భయం పెట్టుకుని ఇదేం పద్ధతన్నా అని అడిగితే, "బయం నాది, బండి నీది. రెండూ యాల కలపాల?" అన్నాడు.

తిరిగొచ్చాక చెమట తుడుచుకుని, "నువ్వు నడిపితే ఈ బండికి ఏ రోగమూ లేదు. రోజూ దీన్ని నడిపేది నువ్వు కాదు కదమ్మా. నడిపే మనిషిని పిల్చుకోని రా" అన్నాడు. ఇంకో మెకానిక్కు అయితే ఆ మాటకు నేను గొడవేసుకునేదాన్ని. మొదటిసారి ఒక మనిషి నా బండి గురించి నాకే చెబుతున్నాడు, పైగా ఏమీ మార్చకుండా చెబుతున్నాడు. నోరు మూసుకుని వెళ్ళి రూతమ్మను వెంటబెట్టుకుని వచ్చాను.

రూతమ్మ బండి నడపడం మీరు చూడాలి. గేరు మార్చిన ప్రతిసారీ "స్తోత్రం" అంటుంది. వెనక సీట్లో రెడ్డెప్ప "నిదానం" అంటాడు. నిదానం, స్తోత్రం, నిదానం, స్తోత్రం అనుకుంటూ పుంగనూరు వీధుల్లో ఒక చుట్టు తిరిగాం. ఉన్నట్టుండి వెనక కేకలు ఆగిపోయాయి. భయంతో స్పృహ తప్పాడేమోనని తిరిగి చూస్తే, రెండు సీట్ల మధ్యనుంచి తల ముందుకు పెట్టి, రోడ్డు వదిలేసి, వంగి కిందికి చూస్తున్నాడు. చూస్తున్నది నా కాలిని. "ఆపమ్మా" అన్నాడు. బండి ఆగింది.

"ఎవురు ఆపినారు?" అని అడిగాడు రెడ్డెప్ప.

"నేనే," అంది రూతమ్మ.

"నేనే," అన్నాను నేను కూడా అదే క్షణాన.

ఆయన దిగి, ముందు తలుపులు రెండూ తీసి, మా ఇద్దరినీ పక్కకు రమ్మన్నాడు. రూతమ్మ వైపు బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు కొత్త చెప్పు అడుగులా ఉన్నాయి. నా వైపు రబ్బరు అరిగి అరిగి నున్నటి ఇనుము బయటపడింది. "నువ్వు కాలు తీయడమే లేదు కదమ్మా. బండి కదిలిన కాణ్ణుంచి దాని మీదనే పెట్టుకోనుండావు. బ్రేకు పట్టుకోనే ఉంటే ప్యాడ్లు కాలక ఏం చేస్తాయి? ఎవుడు ఎన్ని కొత్తవి ఏసినా ఇంతే," అన్నాడు.

ముఖాన కొట్టినట్టయింది. ఎక్కడలేని కోపం వచ్చింది. "తీస్తే ఈమె ఎవరినైనా గుద్దేస్తే?" అన్నాను గట్టిగా.

"ఎప్పుడన్నా గుద్దినాదా?"

"గుద్దకముందే నేను తొక్కుతాను కదా!"

"అయితే గుద్దతాదో లేదో నీకూ తెల్దు, ఆమెకూ తెల్దు," అన్నాడు రెడ్డెప్ప.

రూతమ్మ నేల చూపులు చూస్తూ, "టీచరమ్మా, నేను తొక్కుదామనుకునే లోపలే బండి నిల్చిపోతాది. నాకే బాగా వచ్చేసిందని ఇన్నాళ్ళూ అనుకుంటాండాను. ఇంట్లో కూడా సెప్పుకున్నాను," అంది. ఆమెకు ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది. నాకు ఆ క్షణంలో కోపమంతా దిగిపోయింది. ఇంతమందికి బండి నేర్పుతున్నానని గొప్పగా అనుకుంటున్న నేను, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నా బండి నేనే నడుపుతున్నానన్నమాట.

రెడ్డెప్ప కొత్త ప్యాడ్లు వేసి, "నేను బాగుచేసిన బ్రేకు మీద నేను కూసోకపోతే ఊర్లో ఎవుడు కూసుంటాడు? శనివారం కుప్పంలో మా కూతురింట్లో మనవడికి పేరు పెడతాండారు. నన్ను మీరే తోలుకోని పోవాల. రూతమ్మ నడుపుతాది" అన్నాడు. బస్సుండగా ఇంత భయస్థుడికి ఎందుకీ సాహసమో నాకు తెలుసు. ఆ బండి ఆగుతుందని పుంగనూరు, మదనపల్లె రెండూ కళ్ళారా చూడాలి. అది చెప్పడానికి తన ప్రాణం కన్నా మంచి బోర్డు ఆయనకు దొరకలేదు. నా స్కూలు బతికేదీ లేనిదీ ఆ ఒక్క ప్రయాణం మీద ఉందని మా ముగ్గురికీ తెలుసు.

శనివారం పొద్దున పట్టు చొక్కా, నల్ల కళ్ళద్దాలతో, అచ్చం బోర్డు మీద బొమ్మలా తయారై వచ్చాడు. వెనక సీట్లో ఎక్కి, ఓళిగల డబ్బా, అదే బొబ్బట్ల డబ్బా, ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ముందు ఎక్కి కూర్చున్నాను. "అట్ల కాదు. కాళ్ళు పైకెత్తి మఠమేసుకోని కూసో," అన్నాడు. "సీటు మీదా?" అన్నాను. "యాల, అన్నానికి కూసునేది తెల్దా నీకు?" అన్నాడు. కారు నేర్పే టీచరు విందుకు కూర్చున్నట్టు సీట్లో మఠం వేసుకుని కూర్చుని పుంగనూరు బజారు మీదుగా పోవడం ఎప్పుడైనా విన్నారా? అంగళ్ళవాళ్ళు బయటికి వచ్చి చూశారు. నేను తల వంచుకున్నాను. రెడ్డెప్ప మాత్రం వెనకనుంచి ఒక చేత్తో పిడి పట్టుకుని, ఇంకో చేత్తో ఎన్నికల్లో గెలిచినవాడిలా అందరికీ దండాలు పెట్టాడు.

పలమనేరు దాకా నా కాళ్ళు నన్ను చంపుకు తిన్నాయి. ప్రతి మలుపు దగ్గరా కుడికాలు జారి కిందికి పోబోతుంది, నేను చీర కుచ్చిళ్ళతో సహా దాన్ని గట్టిగా పట్టుకుంటాను. పలమనేరు దాటాక అడవి. రోడ్డు పక్కన ఏనుగులు తిరిగే చోటని బోర్డులు. రూతమ్మ స్తోత్రాలు తగ్గాయి, చేతులు కుదురుకున్నాయి. అప్పుడే పొదల్లోంచి ఒక్కసారిగా గొర్రెలు. ఒకటా రెండా, తెల్లగా, నల్లగా రోడ్డంతా పరుచుకున్నాయి. నా కాలు ఎగిరింది. మఠంలో ఇరుక్కుని ఎక్కడికీ పోలేక నా మోకాలికే తగిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. "యేసయ్యా!" అని ఒక్క కేక, టైర్లు కీచుమన్నాయి, బండి ఆగింది. కళ్ళు తెరిస్తే బానెట్‌కు జానెడు దూరంలో ఒక ముసలి పొట్టేలు, మాకేసి చీదరగా చూస్తోంది. కాపరి కర్రెత్తి, "కండ్లు యాడ పెట్టుకోనుండారు?" అని తిట్లు మొదలుపెట్టాడు. మా చెవికి అవి దీవెనల్లా వినబడ్డాయి.

రూతమ్మ నా వైపు తిరిగింది. "టీచరమ్మా, మీరు తొక్కలేదు కదా?"

"నా కాళ్ళు సూడు రూతమ్మా, ఈడనే ఉండాయి," అన్నాను.

"అయితే నేనే ఆపినానా?"

"నువ్వే!"

ఆమె స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది, వెంటనే తలెత్తి నవ్వింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి? అప్పటికి గుర్తొచ్చింది, వెనకనుంచి ఒక్క 'నిదానం' కూడా రాలేదని. తిరిగి చూస్తే డబ్బా మూత ఊడి, పట్టు చొక్కా నిండా ఓళిగలు. ఒకటి నల్ల కళ్ళద్దాలకు కరుచుకుని ఉంది. రెడ్డెప్ప దాన్ని తీసి నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, "బ్రేకు బాగుండాది" అన్నాడు. కడుపు పట్టుకుని నవ్వాం. కాపరి కూడా తిట్టడం ఆపి నవ్వాడు. కుప్పంలో ఆయన కూతురు, నెయ్యి మరకల పట్టు చొక్కాను చూసి నోరు వెళ్ళబెట్టింది. ఆయన మాత్రం వీధిలోవాళ్ళందరినీ పిలిచి రూతమ్మను "మా డ్రైవరమ్మ" అని చూపించాడు. ఆ పూట పేరు పెట్టించుకున్న పిల్లవాడి కన్నా ఎక్కువ దీవెనలు రూతమ్మకే దక్కాయి.

ఆ తర్వాత సంగతి మీరే ఊహించగలరు. పుంగనూరుకు తిరిగి వచ్చేసరికి రెడ్డెప్ప నోట్లో గొర్రెలు ఏనుగైపోయాయి. మదనపల్లెకు చేరేసరికి దానికి దంతాలు కూడా మొలిచాయి. "ఏనుగు ముందర బండి ఆపిన స్కూలు ఇదేనా?" అని అడుగుతూ ఆడవాళ్ళు వచ్చారు. నేను గొర్రెలని చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. మానేసినవాళ్ళు వచ్చారు, వాళ్ళ అత్తలు కూడా వచ్చారు. ఆయన్ను నిలదీస్తే, "బండి సంగతి అబద్దం సెప్పినానా? బండి నిల్చింది, నిజమే కదా. ముందర ఏముండాదనేది నా ఇష్టం" అన్నాడు. ఆయనతో నేను చాలా ఏళ్ళు బండ్లు బాగుచేయించుకున్నాను, తర్వాత కొన్న కొత్త బండ్లు కూడా. ఆయన "మార్చాల" అంటే మార్చాను, "అక్కర్లేదు, ఇంకా తిరుగుతాది" అంటే తిప్పాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. నమ్మకమంటే నాకు ఇప్పటికీ ఓళిగలు మీద పడ్డ ఆ పట్టు చొక్కానే కనబడుతుంది. తన చేతిపని మీద తన ప్రాణాన్ని, అదీ అంత భయంతో, కూర్చోబెట్టిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

రెడ్డెప్ప చివరి రోజులు కుప్పంలో కూతురి దగ్గర గడిచాయి. పోయేముందు వారం కూడా నాతో ఫోనులో తన గొప్పలే చెప్పుకున్నాడు, నేను నవ్వుతూనే విన్నాను. ఆయన పోయారని తెలిసినప్పుడు మా ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు కార్లేసుకుని కుప్పానికి బయలుదేరారో! అందరూ తమ బండ్లు తామే నడుపుకుంటూ వచ్చారు. ఆ వీధిలో నిలపడానికి చోటు చాలలేదు.

నా శిష్యురాళ్ళ పక్కన ఇప్పుడు నా కాలు బ్రేకు మీద ఊరికే ఉండదు. అవసరమైతే పోతుంది, లేకపోతే నేల మీద ఉంటుంది. అంత మాత్రం నేర్చుకున్నాననే అనుకున్నాను, పోయిన వారం దాకా. మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది. మొదటిసారి ఒక్కతే అంగళ్లు కాలేజీకి కారులో బయలుదేరింది. పక్కన నేను లేను, రెండో బ్రేకూ లేదు. గేటు దగ్గర నిలబడి, పళ్ళు బిగబట్టి చూస్తున్నాను. బండి వెనక్కి తీసి, సందులోకి తిప్పి, ఆపి, అద్దం దించి నా కాళ్ళకేసి చూసింది.

"ఏందిమా, ఆడ నిలబడుకోని బ్రేకు తొక్కతాండావా?"

చూసుకుంటే నిజమే. నా కుడికాలు నేలను గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. చటుక్కున ఎత్తేశాను. వీధిలోవాళ్ళు చూసి నవ్వుతూ ఉండగా, కొంగలా ఒంటికాలి మీద నిలబడి, అది సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.